మొదటి లోడుకి పక్క సీటు

గేరు తప్పు వేశానని చెప్పావట! నిన్నెవరు చెప్పమన్నారు బావా? ముప్పై ఏళ్లుగా లారీ తోలుతున్నవాడివి, నిద్రలో లేపి కూర్చోబెట్టినా గేరు తప్పవు. ఎందుకన్నావా మాట? నా పని మీద నింద పడకూడదనా? క్వారీ యజమాని నమ్మాడంటే నమ్మాడు, మా అక్క కూడా నమ్మేసింది. వంటింట్లో గిన్నెలు ఎలా విసురుతోందో వినబడుతోందా? అదంతా నీ మీద కోపమే.

కదలకు! కాలికి కట్టుంది, ఆ దిండు మీదే ఉంచు. మాట్లాడకు కూడా. ఇవాళ నేను మాట్లాడతా.

అసలు ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాలు, ఆ కొత్త మేనిఫోల్డ్, పెట్టించమని నీకు చెప్పిందెవడు? రేసు కార్ల సామాన్లమ్మేవాడు! వాడు ఎప్పుడైనా రాళ్ల లోడుతో ఎత్తెక్కాడా? అద్దాల బీరువాలోంచి తీసి, తళతళలాడుతున్నది చేతిలో పెట్టగానే నీ కళ్లు చెదిరిపోయాయి. "గొట్టాలు ఎంత వెడల్పో చూడరా, ఇంజన్ గుండెల నిండా గాలి పీల్చుకుంటుంది" అన్నావు.

ఎప్పుడు పీల్చుకుంటుంది? గిర్రున తిరుగుతున్నప్పుడు! మన పాతకాలం పెట్రోలు లారీ ఎప్పుడైనా అలా తిరిగిందా? క్వారీ గుంతలోంచి మొదటి గేరులో, ముసలాయన మెట్లెక్కినట్టు ఎక్కడం దాని పని. అంత నెమ్మదిగా తిరిగే ఇంజన్‌కి సన్నగా, పొడుగ్గా ఉండే గొట్టాలు కావాలి. అప్పుడే గాలి జోరుగా వెళ్లి పెట్రోలును మోసుకెళ్తుంది. వెడల్పు గొట్టంలో గాలి నీరసపడి, పెట్రోలు గోడలకే అంటుకుపోతుంది. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. మొక్కలకి నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతి వేలితో నొక్కుతావు కదా, ఎందుకు నొక్కుతావు? ఆ మాత్రం తెలిసినవాడివి, ఇక్కడ బుర్ర ఎక్కడ పెట్టావయ్యా?

చెప్పలేదా నేను? షెడ్డులో నలుగురు డ్రైవర్ల ముందు మొత్తుకున్నాను. నువ్వేమన్నావు? "తోలేవాణ్ణి నేను, బిగించేవాడివి నువ్వు. నోరు మూసుకుని బిగించు. నీ పాత బుర్రకి కొత్త సామాను ఎక్కదులే."

పగలబడి నవ్వారు అందరూ. పంక్చర్లేసేవాడు కూడా నవ్వాడు బావా, వాడికి పని నేర్పింది నేను!

సరే, బిగించాను. షెడ్డు ముందు నిలబెట్టి నువ్వు యాక్సిలరేటర్ తొక్కావు, గర్జించింది. ఖాళీ బండి గర్జించక ఏం చేస్తుంది? దాన్ని చూసుకుని నువ్వు నా వైపు తిరిగి మీసం దువ్వావు చూడు, అప్పుడు నా ఒళ్లు మండిపోయింది.

నా పద్ధతి నీకు తెలుసు. ఇంజన్ మీద చెయ్యి వేశానంటే, మొదటి లోడుకి డ్రైవరు పక్కన నేను కూర్చోవాలి. కాళ్ల దగ్గర చక్రం కింద వేసే చెక్కదిమ్మ ఉండాలి. ఇరవై ఏళ్లలో ఎవరికీ తప్పలేదు. ఆ రోజు నువ్వు హారన్ కొట్టి పిలిచావు. పక్క సీటు మీద దుమ్ము కూడా దులిపావు. నడుం నొప్పి, రానన్నాను.

నడుం నొప్పి లేదు బావా.

అలా చూడకు. సగం ఎత్తులో ఆగిపోతుందని నాకు తెలుసు. ఆగాలనే కోరుకున్నా. వెనక లారీలన్నీ హారన్లు కొట్టాలి, నన్ను చూసి నవ్వినవాళ్లే నిన్ను చూసి నవ్వాలి, నువ్వు తల వంచుకుని నా షెడ్డుకి రావాలి. అంతవరకే ఊహించుకుని మురిసిపోయాను, ఛీ! ఇంజన్ ఆగితే ఆ పాత లారీకి బ్రేకు పెడలు బండలా బిగుసుకుపోయి, ఎంత తొక్కినా పట్టదని నాకు తెలియదా? లోడు బండి వెనక్కి దొర్లుతుందని తెలియదా? నేనుంటే దూకి దిమ్మ వేసేవాణ్ణి. అది నా బల్ల కిందే ఉంది, ఇప్పటికీ.

ఇంకోటి విను. పాత మేనిఫోల్డ్ తుక్కులో వేశానన్నాను కదా? అబద్ధం. ఆ రోజే కడిగి, నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టాను. మర్నాడు నువ్వొస్తావని.

తిట్టవేం? రెండు తగిలించు, చేతులు బాగానే ఉన్నాయిగా! ఏంటి, ఎందుకు తల ఊపుతున్నావు? చెప్పొద్దంటావా? అక్క తట్టుకోలేదనా?

చెయ్యి వదులు బావా. వదులంటున్నానా!

అక్కా, ఆ గ్లాసు అక్కడ పెట్టి ఇలా కూర్చో. బావ గేరు తప్పు వెయ్యలేదు.