బర్మా డ్రమ్ము

1957. ప్రొద్దుటూరులో అబ్దుల్ సత్తార్ బ్యాండు మేళం అంగడి. ఆరు వారాల కింద భర్త యోబును పోగొట్టుకున్న సరోజమ్మ జమ్మలమడుగు బస్సు దిగి, ఒక డ్రమ్మును బల్ల మీద పెట్టింది.

"అట్ల తిప్పొద్దన్నా, కింద పడతాది."

"ముప్పై ఏండ్లుగా ఇవే తిప్పుతాండా సరోజమ్మా. పడదు. ఇంతకూ యోబు దీన్ని ఏమనేవాడు?"

"బర్మా డ్రమ్ము అనేవాడు. యుద్ధంలో పటాలమోళ్లు ఇచ్చినారంట."

"పటాలంలో తుపాకి పట్టినాడా, డ్రమ్ము పట్టినాడా?"

"రెండూ."

"రెండూనా?"

"యుద్ధం గదన్నా. ఏది చేతికొస్తే అది."

"సరే. అమ్మేదానికేనా?"

"అమ్మను. మా చర్చి పెద్ద దాసయ్య దీన్ని చర్చి గోడకు తగిలిస్తానంటాడు. కింద 'బర్మా యుద్ధ వీరుడు యోబు' అని పలక పెట్టిస్తాడంట. ఊరికే రాస్తే ఎట్ల, తెలిసినోళ్లతో కాగితం రాయించుకోని రా అన్నాడు. ఏ డ్రమ్ము, యాడిది, ఎంత చేస్తాది, అన్నీ."

"సైడు డ్రమ్ము ఇది. ఒళ్లంతా ఇత్తడి. అడుగు తోలు మీద ఈ పేగు తీగలు చూడు, ఆ గరగర వచ్చేది వీటివల్లనే. విలాయతి సరుకు. చేసినోళ్ల పేరు అరిగిపోయింది గాని, లండన్ అనే మాట మిగిలింది."

"చూసినావా. తెల్లోళ్ల పటాలం."

"పటాలం డ్రమ్ముకు మెడపట్టీ తగిలించే కొక్కెం ఉంటాదమ్మా. నడస్తా వాయించల్ల గదా. దీనికి లేదు. ఉండిన గుర్తు గూడా లేదు. కూచోని వాయించిన డ్రమ్ము ఇది."

"అలిసిపోయి కూచోనుంటాడు."

"యుద్ధంలోనా?"

"మనిషి గదన్నా."

"ఈ నల్లరంగు ఎవురు పూసినారు?"

"ఏమో."

"బంగారమట్ల మెరిసే ఇత్తడికి రంగెందుకు? ఉండు, టర్పెంటైనుతో ఒక పక్క తుడుస్తా."

"వద్దన్నా."

"ఎందుకు?"

"ఆ వాసన నాకు పడదు."

"అట్ల వాకిట్లో నిలబడు. రెండు నిమిషాలు."

"వద్దంటాండా గదా."

"అయిపోయ, అయిపోయ... సరోజమ్మా, ఇట్ల రా. రంగు కింద బొమ్మ ఉండాది. జూలున్న సింహం."

"పటాలం గుర్తు. తెల్లోళ్లు సింహాలు పెట్టుకుంటారు గదా."

"పెట్టుకుంటారు. ఇది స్టూలు మీద కూచోనుండాది."

"రాయేమో."

"రాయికి మూడు కాళ్లుండవమ్మా. పక్కన నిప్పుల చక్రం గూడా ఉండాది."

"యుద్ధమంటే నిప్పు ఉండదా?"

"అమ్మా. ఇది సర్కసు డ్రమ్ము."

"సర్కసా?"

"యోబు అబద్ధమాడినాడని నేననను. యాడన్నా కొన్నాడేమో."

"ధర చెప్పన్నా."

"డెబ్బై రూపాయలు."

"పటాలందయితే?"

"అదీ డెబ్బయ్యే. చప్పుడు ఒకటే గదా."

"అట్లయితే కాగితంలో పటాలం అనే రాయి."

"నా చేవ్రాలు పెట్టి అబద్ధం ఎట్ల రాసేది?"

"నీ బోర్డు మీద 'మైసూరు దర్బారు మెప్పు పొందిన బ్యాండు' అని ఉండాదే."

"అది మా నాయన రాయించినాడు."

"దర్బారులో వాయించినారా?"

"మైసూరులో వాయించినాము."

"దర్బారులోనా?"

"సరే, సరే. 'విలాయతి సైడు డ్రమ్ము, పాతది, విలువ డెబ్బై' అని రాస్తా. పటాలమనీ రాయను, సర్కసనీ రాయను. చాలునా?"

"చాలు. ఆ బొమ్మ మీద మళ్లా నల్లరంగు పూయి. రెండు పూతలు."

"అంటే... నీకు ముందే తెలుసునా?"

"చేయి తిరిగినోనికి కనపడతాదో లేదో చూద్దామని నీ కాడికి తెచ్చినా. కనపడింది."

"బర్మా అని ఎందుకు చెప్పుకున్నాడమ్మా? సర్కసయితే ఏం, దొంగతనమా?"

"జమ్మలమడుగులో దిగిన దినం, ఇన్నేండ్లు యాడుంటివిరా అని అడిగినారు. నోటికొచ్చింది చెప్పినాడు. మరుసటి ఆదివారం చర్చిలో నిలబెట్టి ప్రార్థన చేసినారు. ఇంగ ఆ మాట మీద నుంచి యాడ దిగుతాడు? పదకొండేండ్లు దీన్ని అటక మీదనే పెట్టినాడు. గట్టి వాన పడితే మాత్రం దించేవాడు. రేకుల మోతలో ఎవురికీ వినపడదు గదా. పైన తువ్వాల పరిచి వాయించేవాడు."

"బాగా వాయించేవాడా?"

"వాన నిలిచిపోతే మా ఇద్దరికీ ఏమీ తోచేది కాదన్నా."

"అల్లా... మనిషి నోరు తెరిచి ఒక మాట చెప్పింటే నా బ్యాండులో పెట్టుకోనుందును. నిన్ను బళ్లారి అనాథాశ్రమంలో చూసి చేసుకున్నాడంటారే, ఈ సర్కసు సంగతి నీకు ఎప్పుడు చెప్పినాడు? పెండ్లికి ముందా, తర్వాతనా?"

"నాకు చెప్పేదేముంది? ఆ బొమ్మకు పెయింటరు జూలు ఊరికే వేసినాడన్నా. అది ఆడసింహం. పేరు రాణి. దాన్ని స్టూలెక్కించేదాన్ని నేనే."