ఐసు డబ్బల పోయిన నెత్తురు

గా బత్తాయిలు మంచం మీద పెట్టకు మేడం. తియ్యి, జర జల్ది తియ్యి. జమున లేచి చూసిందంటె అడుగుతది. కిడ్నీలు కరాబైనోళ్లకు గసొంటి పండ్లు పెట్టొద్దని మానుకోట దవాఖానల గట్టిగ చెప్పిండ్రు. నీళ్లు సుత గిలాసతోటి కొలిచి ఇస్తున్న. ఇంత చదువుకున్నదానివి, నీకు తెల్వదా?

యాదికి రాలేదంటవా? సరే తియ్. కూసో. గంగారం దాక వచ్చినదాన్ని నిలవెట్టి మాట్లాడితె మంచిగుండదు.

ఏందీ, కవితనా? ఉన్నది, లోపటున్నది. పిలుస్త, ఆగు. అక్క నెత్తురు తీసేటప్పుడు లేని తొందర, చెల్లె కాడ యాడికెళ్లొచ్చింది?

మొదటిపారి నువ్వొచ్చిన దినం యాదికున్నదా? జమున మొఖమంత ఎర్ర మచ్చలు, కీళ్లు వాచి దువ్వెన వట్టరాకుండె. ఒంటికి కాపలా కాసే తెల్ల కణాలే ఒంటి మీద వడ్డయన్నవ్. అవి ఎట్ల పెరుగుతున్నయో నీ రీసెర్చికని నెత్తురు తీసి చూస్తనన్నవ్. నేను వద్దన్న. నా పెనిమిటికి గొంతుల గడ్డయితె పట్నంల కరెంటు వెట్టిండ్రు. మెడ తోలంత కమిలి, బుక్క మింగరాక పోయిండు మనిషి. గా కరెంటు నా బిడ్డ జోలికి రావొద్దని నీ కాళ్లు వట్టుకున్న.

నువ్వు నవ్వినవ్. "లేదు చాందమ్మా, పాత రోజుల్ల రేడియేషన్ మందు కలిపి చూసెటోళ్లు. ఇప్పుడు ఉత్త రంగే" అన్నవ్. కణానికి రంగు పట్టిస్తరట. ఒకటి రెండైతె రంగు సగమైతదట, మళ్ల చీలితె మళ్ల సగమట. ఎంత వెలిసిందో మిషన్ల చూస్తె ఎంత పెరిగినయో ఎర్కైతదట. ఉతికిన కొద్ది చీర రంగు వోయినట్టా అని నేనడిగితె, అచ్చం గట్లనే అన్నవ్. నాకు సంబురమైంది. నేనే జమునను ఒప్పించిన.

కరెంటు లేదన్నవ్, లేదు. నువ్వేం అబద్ధమాడలే. కని గోలీలు ఆపమన్నవ్ గద! డాక్టరు రాసిన గోలీలు పడితె కణాలు నిద్రపోతయ్, నాకేం కనవడదు, నెత్తురు తీసినంక షురూ చెయ్యుండ్రి అంటివి. గోలీల కవరు అగో, గా గోడ మొలకు తలిగేసిన. జమున దానిక్కెళ్లి చూసుడు, "యాడీ, ఇయ్యాలన్న ఏసుకోనా" అని నన్నడుగుడు. మేడం రానీ బిడ్డా అని నేననుడు. నా నోట్లె మన్నువడ!

వచ్చినవ్, తీసినవ్. పాలకుర్తిల ఇంకెవరో ఉన్నరని ఆగమాగం పోతివి. మా ఆశ వర్కరు వనజ చేతుల సీసాలు వెట్టి, "జాగ్రత్తగా పంపియ్యక్కా" అన్నవ్. వనజకు జాగ్రత్తంటె ఏంది మేడం? ఏండ్ల సంది టీకాలు మోస్తున్న మనిషి. సీసాల ఉన్నదేదైనా ఐసుల వెట్టాలె, గదే ఆమె జాగ్రత్త. టీకాల డబ్బ నిండ ఐసు వెట్టి, పైన తడి గుడ్డ కప్పి, బస్సుల ఒళ్లె వెట్టుకొని మీ ల్యాబుల తీస్కపోయి ఇచ్చింది పాపం. ఎవరన్న కూసోనీకి జాగ అడిగినా డబ్బ కింద వెట్టలేదట.

ఆడ చూస్తె ఏమైంది? సగం కణాలు చచ్చినయ్, ఉన్నయి కదుల్తలేవు. చలికి ఆగవట అవి, బతికున్నయైతేనే నీ రంగు పనికొస్తదట. ఫోన్ల వనజను ఎన్ని మాటలన్నవ్! బుద్ధి లేదా అంటివి. ఐసు వద్దని ఒక్క మాట ముందుగాల చెప్తె నీ నోరు నొచ్చేదా?

ఆ, గిప్పుడు తల దించుకుంటె ఏం ఫాయిదా?

మళ్ల ఫోన్. "ఇంకొన్ని దినాలు ఆపమ్మా, ఈసారి నేనే తీస్కపోత." బండి దొరుకలేదంటివి, వాగు వచ్చిందంటివి. మేం ఆగినం. పెద్ద చదువుల పిల్ల చెప్పంగ ఎట్ల కాదంటం? జమున కాళ్లు వాచినయ్. మూత్రమంత నురుగు. నువ్వు వచ్చేవరకు నా బిడ్డ మానుకోటల నెత్తురు కడిగే మిషన్‌కు కట్టేసి ఉన్నది.

గోలీలు ముందే ఏస్తె కిడ్నీలు దక్కునా అని డాక్టరును అడిగిన. ఆయిన నా మొఖం చూడకుంట కాయితాలు తిరిగేసిండు.

ఇగ కవిత. దాని మొఖం మీద గవే మచ్చలు. మానుకోట డాక్టరు దానికి సుత గోలీలు రాసిండు. ఎవరు చెప్పిండ్రో ఏమో, నిన్న ఫోన్ చేస్తివి. "గోలీలు షురూ చెయ్యలే గద? పొద్దుగాల్నే వస్త, అప్పటిదాక ఆగు చాందమ్మా." సరే మేడం అన్న. చూడు, ఈపారి అన్నట్టే పొద్దుగాల్నే వచ్చినవ్.

అబద్ధమాడిన మేడం. ఫోన్ పెట్టెయ్యంగనే బువ్వ తినవెట్టి గోలీ ఏసిన. ఇయ్యాల మళ్లొకటి. నోరు తెరువుమని చూసిన, మింగిందా లేదా అని.

గట్ల చూడకు. నీ పరీక్షతోని రేపు ఎవరి బిడ్డనో బతుకుతది, బతకనీ. మంచిదే. నాకు మాత్రం ఇద్దరే బిడ్డలు.

కవితా, ఇటు రా బిడ్డా. మేడంకు చెయ్యి చాపు. తీస్కో మేడం, ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతోని ఎందుకు పోతవ్? ఐసు వెడతరేమో అని బుగులు వడకు. నువ్వు తిట్టిన కాడికెళ్లి వనజ మా తండాకు వస్తనే లేదు.