గోడ మీద టీచరమ్మ

అంకి అని ఒక పిల్ల, తొమ్మిదేళ్ళుంటాయనుకో. మనిషి ఇంత, నోరు ఊరంత. వాళ్ళమ్మ నాగూరమ్మ మిరపకాయల కోతకని కూలోళ్ళతో దూరం పోయిందంట. పోయిన నెలకి ఏమైందంటే, కరోనా వచ్చింది. బస్సుల్లేవు, లాక్‌డౌనన్నారు. ఎనిమిది మంది ఆడోళ్ళు నాలుగు రోజులు నడిచి నడిచి ఊరికొచ్చారంట. వస్తే రానిస్తేగా! పొలిమేరలో ముళ్ళకంప అడ్డమేసి, "పద్నాలుగు రోజులు బళ్ళోనే ఉండండి, పిల్లల్ని ముట్టుకోబాకండి" అని బళ్ళో పెట్టి గేటుకి తాళమేశారు.

అంకి ఉరుక్కుంటా పోయింది. గోడకివతల ఈ పిల్ల, అవతల వరండాలో వాళ్ళమ్మ. కూతుర్ని చూసి నాగూరమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఒకటే ఏడుపంట. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉందంట. దగ్గరికి పోదామంటే నాయనమ్మ కర్ర పట్టుకొని కాపలా. అంకి చూసింది, చూసింది, గోడెక్కి కూర్చొని "సైలెన్స్!" అని ఒక్క అరుపు అరిచిందంట. "బళ్ళో ఏడుపులేంది? అటెండెన్సు! నాగూరమ్మా!" నాగూరమ్మకి ఏడుపాగిపోయింది. "ఏందే?" అంది. "ఏందే కాదు, ప్రెజెంట్ టీచర్ అనాల. అన్నం తినకపోతే గోడకుర్చీ!" ఆ దెబ్బకి కంచం ఖాళీ అయిందంట.

ఇంకేముంది! తెల్లారేసరికి ఊళ్ళో పిల్లలంతా గోడ మీద పిచికల్లాగా వరస. తల్లులేమో చిన్న బెంచీల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చొని అ ఆలు! చెంచమ్మ "టీచర్, ఒకటికి పోవాల" అని వేలు చూపించి పోయి చెట్టుకింద గుర్రుపెట్టి నిద్రపోతే, ఆమె కొడుకే "టీచర్, మాయమ్మ ఎగ్గొట్టింది!" అని చాడీలంట. ఆ నవ్వులకి కాపలా నాయనమ్మ కర్ర పక్కనపెట్టి "నాక్కూడా పలక ఇయ్యండే" అందంట.

అట్టా పద్నాలుగు రోజులూ గడిచినై. తాళం తీసే రోజు ఊరంతా గేటు కాడ చేరింది. "లైన్లో రండి, తోసుకోబాకండి" అంటా అంకి బెత్తం పట్టుకొని నిలబడింది. లైనూ లేదు గీనూ లేదు, నాగూరమ్మ ఉరికొచ్చి టీచరమ్మని చంకనేసుకుంది. అప్పటిదాకా కన్నీటి బొట్టు రాల్చని పిల్ల, అమ్మ మెడ పట్టుకొని బావురుమంది. రెండో చంకలో మూట ఉంది చూడు, రైతిచ్చిన ఎండుమిరపకాయలు, అది కాస్తా జారి కిందపడి పిగిలింది. ఆ ఘాటుకి తల్లీకూతుళ్ళిద్దరూ హచ్చిమని తుమ్మారు. ఆ రోజుల్లో తుమ్మితే ఇంకేమన్నా ఉందా? రెప్పపాటులో గేటు కాడ పురుగు లేదు! ఖాళీ వీధిలో ఆ ఇద్దరే తుమ్ముకుంటా, నవ్వుకుంటా, నడీదోవన ఇంటికి పోయారు.

ఊరంతా పారిపోతే నీకెట్టా తెలుసంటారా? నేనెందుకు అబద్ధమాడాల, అందరికంటే ముందు ఉరికింది నేనే. కిటికీలోంచి చూశా.