సీసాలో రెండు తోకల ప్రాణి

"చిన్న కథే, టీ చల్లారేలోపు ముగిస్తా" అన్నారు మోజెస్ మాస్టారు. ఆ మాట వినగానే చిల్లకల్లు టీకొట్టు నబీ గిన్నెలో ఇంకాసిని పాలు పోశాడు. సైన్సు మాస్టారుగా రిటైరయ్యాక ఆయనకి గంట కొట్టేవాళ్లు లేరు.

"మా అమ్మాయి క్రిస్టీ విశాఖలో ఎమ్మెస్సీ చేసిందా, రిసెర్చి సీటు కోసమని సీసాడు సముద్రపు నీళ్లు తెచ్చింది. అందులో ఒక రకం ప్రాణి, వేలల్లో. ఒకటే కణం, కంటికి ఆనదు. ఏ జాతో వాళ్ల ప్రొఫెసరుకే అంతుపట్టలేదు. బతికుండగా చూపించి జాతి తేల్చి చెబితే సీటు నీదే అన్నాడంట. పిల్ల సర్టిఫికెట్ పని మీద నందిగామ వెళ్తూ సీసా నాకు అప్పజెప్పింది, ముట్టుకోకు నాన్నా అంది. నేనూరుకుంటానా? మైక్రోస్కోపు కింద పెట్టా. నడుం చుట్టూ ఒక తోక, వెనక ఒక తోక, గిరగిరా బొంగరమే! ఒంటి నిండా పలకలు. వాటి అమరిక చూసి జాతి చెప్పాలి. మన రత్తయ్యయితే కళ్లజోడు లేకపోతే తన గేదెనే పోల్చుకోలేడు..."

"నా గేదె ఊసెందుకండీ?" అన్నాడు రత్తయ్య. కళ్లజోడు మర్చిపోయిన రోజు ఆయన పాలు పితికింది పక్కింటివాళ్ల గేదెకని ఊరందరికీ తెలుసు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది నన్ను చూసింది!"

"దానికి కళ్లుంటాయా?" అన్నాను నేను.

"ఉండవు. అయినా చూసింది. తోక విదిల్చితే బల్ల జరిగింది. ఇంకో చుక్క పెట్టా, ఇంకోటి పెట్టా. పొద్దు వాలింది, కరెంటు పోయింది. అది వెలిగింది! ఆ నీలం వెలుగుకి హైవే మీద లారీలు డిమ్ కొట్టాయి. జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీవాళ్లు తెల్లారిందనుకుని షిఫ్టు మార్చేశారు. స్లైడు ఫట్‌మంది. అది దూకి, మురుక్కాలవలో పడి, పాలేరు ఈది, కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోయింది. పోతూ పోతూ తోకూపింది."

"ఏ తోక?" అంది అంగన్‌వాడీ సూసన్.

"వెనకది."

అందరూ నవ్వారు. నబీ నవ్వలేదు.

"మాస్టారూ, మర్నాడు పొద్దున క్రిస్టీ ఇక్కడే కూర్చుంది. టీ ముట్టలేదు. ఉప్పు చాలక ఆ ప్రాణులన్నీ పగిలిపోయాయి, ఖాళీ పెంకులే మిగిలాయి అంది. చుక్కలు తీసీ తీసీ సీసాలో నీళ్లు తగ్గితే మీరేం పోశారు?"

మాస్టారు గ్లాసు అడుగుకేసి చూశారు.

"బోరు నీళ్లే. మన బోరు నీళ్లు ఉప్పగానే ఉంటాయిగా."

రత్తయ్య తలూపాడు. నేనూ ఊపాను. మా ఊళ్లో ఎవరైనా అవే పోసేవాళ్లు.

"మరి సీటు?" అంది సూసన్.

"రాలేదు. ఆ ప్రాణి ఏ జాతో ఇప్పటికీ తెలీదు."

నబీ స్టవ్ కట్టేశాడు.

"పిల్ల ఇప్పుడు నందిగామలో బోరు నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగం చేస్తోంది" అన్నారు మాస్టారు. "మొదటి శాంపిల్ మా ఇంటి నుంచే పట్టుకెళ్లింది. తాగడానికి పనికిరావంట."