కొరికిన కందిగింజ

"అమ్మమ్మా, పొద్దున దుకాణంల కందులు చూపిస్తే అందరూ ఒక గింజ కొరికి చూసిన్రు గదా. నువ్వేంది, చేతులు ఎనక్కి కట్టుకొని నిలబడ్డవ్?"

కనిపెట్టినవా? కూసో, చెప్త. నువ్వే అడిగినవో, మీ అమ్మ అడగమన్నదో... సరేలే, ఎవరు అడిగితేంది.

ముందుగాల ఒక సంగతి తెలుసుకో. కందులు కొనేటోడు గింజను పంటి కింద వేస్తడు. కటుక్కుమని ఇరిగితే ఎండినట్టు. మెత్తగ నొక్కుకుంటే తడి ఉన్నట్టు. మీ తాతకు అదే పని. ఖమ్మంల ఒక షావుకారి దగ్గర కొనుగోలుకు తిరిగేటోడు. చలికాలం వచ్చిందంటే చర్ల దిక్కు అడవి గూడేలకు పోయి కందులు, చిక్కుడు గింజలు తెచ్చేటోడు. పోతే నాలుగు రోజులు, ఒక్కోసారి వారం. వచ్చినంక మూట ఇప్పితే అడ్డాకు పొట్లంల పిడికెడు సారపప్పు, నాకని. "ఎవరిచ్చిన్రు?" అంటే "ముత్తమ్మ" అనేటోడు. మళ్ల ఏడు గూడ ముత్తమ్మే. ఎవరా ముత్తమ్మ, ఎంత వయసు? నేను అడగను, ఆయన చెప్పడు. నవ్వకు! అప్పటికి నాకు పెండ్లయి మూడేండ్లు, టీచర్ నౌకరీ వచ్చి ఒక్క ఏడాది.

ఆ ఏడు బడికి సెలవులు ఇయ్యంగనే నేనూ వస్త అన్న. ఆయన మొఖం చూడాల్సింది. "గీ సలిల నీకెందుకు? ఇంకో పది రోజులు ఆగి పోదామనుకుంటున్న" అన్నడు. ఎందుకు ఆగాలె? నా సెలవులు అయిపొయ్యేదాకనా? అనుమానం ఇంక గట్టిపడ్డది. పట్టుపట్టి అప్పుడే బయలెల్లదీసిన.

భద్రాచలం దాక బస్సు. టికెట్ ఆరు రూపాయలు... కాదు కాదు, ఆరు మా చెల్లె ఊరికి, దీనికి ఇంక ఎక్కువే. ఆడికెళ్లి చర్ల, చర్ల నుంచి నడక. మంచు ఎట్ల పట్టిందంటే, ముందు నడిచే మీ తాత తలరుమాలు తప్ప ఏం కనవడలే. దారిల ఒక్కటే మాట చెప్పిండు: "ఆడ ఎవరింట్ల ఏదీ ముట్టకు." ఎందుకో చెప్పలే. చెప్పకపోతే మనిషి బుర్ర ఊకుంటదా?

ముత్తమ్మను చూసిన్నో లేదో నాకు సిగ్గయింది. మా అమ్మ కంటె పెద్దది, నోట్ల నాలుగే పండ్లు. ఒక అనుమానం తీరింది, ఇంకోటి మొదలైంది. మీ తాత కందులు అడిగితే "ఇప్పుడు ఇయ్యమయ్యా, ఇంక వారం ఆగాలె" అన్నది. ఈయన బేరమన్నా ఆడలే! తల ఊపి, ఊరి పెద్దను కలిసొస్తనని పోయిండు. నాకైతే అంత అర్థమైపోయిందనుకున్న: ఎవరో చర్ల షావుకారి ముందే మాట్లాడుకున్నడు, వీండ్లు మమ్మల్ని తిప్పి పంపుతున్నరు, ఈయన వట్టి అమాయకుడు. ఉత్త చేతులతోటి పోతే ఈయన నౌకరీ పోతది గదా.

ముత్తమ్మ బిందె పట్టుకొని నీళ్లకు పోయింది. ఇంట్ల మూలకు పెద్ద బుట్ట, మీద ఆకులు కప్పి ఉన్నయి. లేచిన. ఆకులు జరిపిన. కందులు, నిండుగ! కొత్తయో పాతయో తెల్వాలె గదా. ఒక గింజ పంటి కింద వేసిన. కటుక్కుమన్నది. కొత్తయే.

అప్పుడే ముత్తమ్మ గుమ్మంల నిలబడ్డది. నేను తగ్గిననుకున్నవా? క్లాసుల దొంగను పట్టుకున్నట్టు ఏలు చూపించిన: "ఇన్ని పెట్టుకొని ఇయ్యమంటరా? ఎవరికోసం దాస్తున్నరు?"

ఆమె కోపం చెయ్యలే. బిందె కింద పెట్టింది. "ఉమ్మెయ్యి బిడ్డా," అన్నది మెల్లగ. "మేమే ఇంక తినలే."

అంతల మీ తాత వచ్చిండు. బుట్ట చూసిండు, నా మూతి చూసిండు, తలరుమాలు తీసి ఆమెకు రెండు చేతులు జోడించిండు. అప్పుడు చెప్పిండు నాకు. కోయోళ్లు కొత్త పంట ఇంటికొచ్చినంక ఊరంత కలిసి కొత్త పండగ చేసి, దేవతకు పెట్టిందాక ఒక గింజ నోట్ల వెయ్యరు, అమ్మరు. పిల్లలు ఏడ్చినా పెట్టరట. ఆ పండగ ఇంక వారం ఉంది. దేవత కంటె ముందు ఆ బుట్టల పన్ను పెట్టింది నేను.

"ఇగ ఇది దేవతకు పనికిరాదు, మా ఇంటికీ పనికిరాదు. తీస్కపోండి" అన్నది ముత్తమ్మ. అది ఆ ఇంటికి ఏడాది పప్పు, బిడ్డా. పైసలు ఇయ్యబోతే చేతులు ఎనక్కి తీసుకున్నది. దాస్తున్నరని నేను అన్న కందులే, ఊకె తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

బస్సుల ఆ కందుల సంచి మా ఇద్దరి నడుమ. గోదావరి బ్రిడ్జి దాటింది. "ముందే ఎందుకు చెప్పలే?" అన్న. "చెప్పిన గదా, ముట్టకని" అన్నడు. మళ్ల ఆయనే, "మీ బడిల పిల్లగాడు అడగకుండ ఇంకొకరి డబ్బా మూత తీస్తే ఏం చేస్తవు?" అన్నడు. "చెయ్యి చాపమంట" అన్న. చాపిన గూడ, ఆ బస్సులనే. ఆయన కొట్టలే. కిటికీ దిక్కు తిరిగిండు. కొట్టినా బాగుండు.

ఆయన ఊకోలే మరి. పండగ లోపల్నే బజార్ల అంతే బరువు పాత కందులు కొని మళ్ల మోసుకపోయిండు. పాతయైతే ఎప్పుడైనా తినొచ్చు గదా. ముత్తమ్మ తీసుకున్నదట. ఆ మాట ఇన్నంకనే నాకు ముద్ద దిగింది. షావుకారి నాలుగు తిట్లు తిట్టిండు గని నౌకరీ పోలే. ఆ సంచి కందులు వండుదామంటే నాకు చెయ్యి రాలే. ఆఖరికి మా అన్న చేన్ల ఇత్తనానికి ఇచ్చినం.

మళ్ల ఏడు పండగ అయినంక ఆయన ఒక్కడే పోయిండు. వచ్చి మూట ఇప్పితే అడ్డాకు పొట్లం. సారపప్పు అనుకున్న. పిడికెడు కందులు! "పండగ అయింది, ఇగ టీచరమ్మను కొరికి చూసుకోమను" అన్నదట ముత్తమ్మ. నవ్వుకుంట అన్నదా, నవ్వకుండ అన్నదా? ఎన్నిసార్లు అడిగిన మీ తాతను. "యాదికి లేదు" అనేటోడు. ఏ ఊర్ల ఏ ఏడు వాన పడ్డదో యాదికుండే మనిషికి ఇదొక్కటే యాదికి లేదా? నాకు ఇప్పటికీ అనుమానమే.

కొరికిన్నా అంటవా? కొరకలే. పప్పు చేసుకొని ఇద్దరం తిన్నం.

సరే, లే ఇగ. పొద్దున కొన్నయి ఆ సంచిల ఉన్నయి, నువ్వే ఒకటి కొరికి చెప్పు, ఎండినయో లేదో. నీ పండ్లు నూరేండ్లు గట్టిగుండాలె, బిడ్డా. నేనైతే... ఏందో, ఇన్నేండ్లయినా...