తల్లిని సూడకుండా తెచ్చిన కుక్కపిల్ల

హొన్నూరప్పని కురుబాయన ఒగడుండె. నూరు గొర్రెల మంద. ఏ గొర్రెపిల్లను సూపించినా దీని తల్లి ఇది, దీని అవ్వ అది అని సెప్పేటోడంట. పొట్టేలు కొనల్లంటే ఊరికే కొనడు. పండ్లు సూసేది, గిట్టలు సూసేది, అంతకీ సాలక దాని తల్లి యాడుందో ఎతుక్కుంటా పోయి పొదుగు తడిమి సూసేది. "తల్లిని సూసి పిల్లని, పాడిని సూసి బర్రెని" అని నోరు తెరిస్తే అదే మాట. అంత తెలివైనోడు కుక్క కాడ ఎట్ల మోసపోయినాడో సెప్తా, ఊఁ కొట్టండి. మీరు ఊఁ కొట్టకుంటే నాకు నిద్రొస్తాది, మళ్ళా నన్ననేది గాదు.

ఏమైందంటే, వాని కాడ బండోడని ఒగ కుక్క ఉండె. పన్నెండేండ్లు మంద కాసి, ముసలిదై, ఒగ పొద్దు ఎండలో పండుకున్నది పండుకున్నట్టే పాయ. అది పోయిందని తోడేళ్ళకు ఎవురు సెప్పిరో ఏమో, ఆ నెల్లోనే మూడు గొర్రెపిల్లల్ని ఎత్తకపాయ. ఇంగ ఎండాకాలం వస్తే మందను తోలుకుని మేతకు కిష్ణ ఏటి వారకు పోవల్ల, దోవంతా కొండలు. కుక్క లేకుండా పోతే మందను తోడేళ్ళకు అప్పజెప్పినట్టే. పోకుంటే మేత లేక జీవాలు సస్తాయి. ఇంగ మిగిలిందేముంది, మందను తెగనమ్మి, ఇటుకలు మోసే బేల్దారి పనికి పోయేదే. కురుబోడు మంద లేకుండా ఉండేదా అని ఆయప్పకు కూడు గొంతు దిగడం లేదంట. అప్పుడు పెండ్లాం మారెక్క సెప్పింది, ఉప్పరగుట్టలో తిప్పక్క అని ఉండాది, తరాల నుంచి కుక్కల్ని సాకుతాండారు, దాని కుక్క జాజి ఈని నెలయింది, ఆడికి పో అని. అయితే ఆయమ్మ కాడ ఒగ కట్టుబాటు ఉండాదంట. పిల్ల కావల్లంటే మూడు సోమవారాలు పోవల్ల. పోయినప్పుడల్లా మీ ఇంట్లో కెలికిన సంగటి ముద్ద తీసకపోయి తల్లికుక్కకు నీ చేత్తో పెట్టల్ల. మూడు సోమవారాల్లో ఒగసారన్నా తల్లి నీ చేతిలో తింటేనే పిల్ల. తినలేదా, నువ్వు ఊరి రెడ్డివైనా సరే, లే నాయనా ఇంటికి పో అనేదంట. హొన్నూరప్ప ఇది విని పడీపడీ నవ్వినాడు. "కుక్కపిల్లకు గూడా పెండ్లిచూపులేందే? సంతలో గంపల్లో పెట్టుకుని అమ్ముతాండారు, పొద్దున పోయి మద్యానానికి తెస్తా సూడు" అన్నాడంట. మారెక్క ఏమంటాది? మొగోడు నవ్వినాక ఆడది సెప్పింది ఎప్పుడు ఇన్నారులే.

సంతకు పోయినాడు. ఆడ గంపల ఓబులేసని ఒగడు, నాలుగు గంపల్లో నలభై పిల్లల్ని కుక్కి పెట్టుకుని కూసున్నాడనుకో. తెల్లవి, నల్లవి, మచ్చలవి, నీకేది కావల్లంటే అది. "అన్నా, ఇది సీమకుక్క, ఆరు నెలలకు దూడంత అవుతాది, తోడేలును సింపి పోగులు పెడతాది" అని ఒగదాన్ని ఎత్తి సేతిలో పెట్టినాడు. ఇంగా కండ్లు సరిగా తెరవలేదు పాపం. దీని తల్లి యాడ అని ఒగ మాట అడిగినాడులే హొన్నూరప్ప. "దీని తల్లా? బెంగుళూరులో బంగళాలో ఉండాదన్నా, ఫ్యాన్ కింద పండుకుంటాది" అన్నాడంట వాడు. అంతే, మనోడు నమ్మేసినాడు! పొట్టేలు తల్లి కోసరం మూడు ఊర్లు తిరిగేటోడు, కుక్క తల్లి బంగళాలో ఉండాదంటే సాలు, మొగం ఇంతయింది. అడిగినంత ఇచ్చి, పిల్లను కంబళిలో సుట్టుకుని వచ్చేసినాడు.

పిల్ల తినలేదు. మారెక్క మేకపాలు పిండి, గుడ్డపీలిక ముంచి నోట్లో పెడితే రెండు సుక్కలు మింగి వాంతి సేసుకునేది. కడుపు చూస్తే తప్పెటలాగుండె, కాళ్ళు చూస్తే పుల్లలు. మూడోనాడు పొద్దున్నే హొన్నూరప్ప కంబళిలోనే, వాని ఒళ్ళోనే, ప్రాణం పోయింది. మారెక్క ఏడ్చింది. "పాలు మరిచేదాకన్నా ఉంచల్లని తెలీదా ఆ అమ్మిన నా బట్టకు, తల్లి కాన్నుంచి పీక్కొచ్చినాడే" అని ఏడ్చింది. హొన్నూరప్ప లేసినాడు. పిల్లను పూడ్సి, కంబళి బుజాన ఏసుకుని, కట్టె తీసుకుని, ఓబులేసు ఊరు యాదో కనుక్కుని పోయినాడు, వాని నడుము ఇరగ్గొట్టల్లని.

పోయి సూస్తే ఊరి బయట మూతబడిన కోళ్ళ ఫారం. దూరాన్నుంచే కంపు. లోపలికి పోతే, నాయనా, ఎట్ల సెప్పేది, కోళ్ళ గూళ్ళల్లో తల్లికుక్కలు. పైనొగటి కిందొగటి. ఏడాదికి రెండు ఈతలు, ఒళ్ళు ఆరనిచ్చేది లేదు. కాలు నేల మీద మోపింది లేదు, కమ్మి మీద నిలబడి నిలబడి కాళ్ళు ఒంకరబోయినాయి. అన్ని కుక్కలుండాయి గదా, కొత్త మనిషి వస్తే ఒగటి గూడా మొరగలేదంట. మొరిగి ఏం లాభమని మరిసిపోయినాయేమో. ఒగ గూటి కాడ, నొసట తెల్లసుక్క ఉండే కుక్క ఒగటి, పొదుగు నేలకు జారి, ఎముకలు తేలి పండుకోనుండె. హొన్నూరప్ప దగ్గరికి పోతానే లేసింది. కమ్మీల సందులో మూతి పెట్టి వాని కంబళి వాసన సూసింది. సూసింది, మళ్ళా సూసింది. ఆ పిల్ల ప్రాణం ఇడిసిన సోట మూతి పెట్టి, ఇంగ తీయదంట! నాకుతాది, కుయ్యిమంటాది, మళ్ళా నాకుతాది. బంగళాలో ఫ్యాన్ కింద పండుకున్న తల్లి ఇదే, తెలిసిందా? హొన్నూరప్ప సేతిలో కట్టె జారిపోయింది. ఎవురెవురి గొర్రెల తల్లుల్నో సూస్తిని, దీని తల్లిని సూడకుంటినే అని ఆడే కూలబడినాడు. అంతలో ఓబులేసు వచ్చి కట్టెను సూసి బెదిరి, "అన్నా, పిల్ల పోతే ఇంకో పిల్ల ఇస్తా" అన్నాడు. "నాకు పిల్ల వద్దురా, ఈ తల్లిని ఇయ్యి." "ఇది ఇంగ ఈనదన్నా, రేపో మాపో పారేయల్ల, తోలుకుపో" అన్నాడంట వాడు. తోలుకుపోవల్లంటే అది నడిస్తే గదా! నేల మీద దించితే భయపడి వణుకుతాంది. కుంటి గొర్రెను ఏసుకున్నట్ల దాన్ని మెడ మీద ఏసుకుని ఊరు చేరినాడు. మారెక్క సూసి, "పిల్లను తెమ్మంటే తల్లిని తెచ్చినావా?" అనింది. అని, లోపలికి పోయి సంగటి తెచ్చింది. దానికి సుక్కి అని పేరు పెట్టింది.

అప్పుడు తల వంచుకుని తిప్పక్క కాడికి పోయినాడు. ఆయమ్మ కుక్కలు వాకిట్లో ఇచ్చగా తిరుగుతాండాయి, పిల్లలు తల్లి మీద పడి పొర్లాడుతాండాయి. పిల్ల సంగతి తర్వాత, ముందు తిప్పక్క ఇవన్నీ అడిగింది. నీకెన్ని జీవాలు, ఎండాకాలం యాడికి పోతావు, కుక్కకు ముందు పెడతావా నువ్వు తిన్నాక పెడతావా, ముందున్న కుక్క ఏమాయె, యాడ పూడిస్తివి? పోలీసోళ్ళు గూడా అంత అడగరులే. సంత పిల్ల కత దాయకుండా సెప్పినాడు. తిప్పక్క జాజి దిక్కు సెయ్యి సూపించింది. జాజికి ముద్ద పెట్టబోతే అది గుర్రుమనింది. రెండో సోమవారం ముద్ద వాసన సూసి పక్కకు పాయ. ఆ నడుమ ఇంకో గొర్రెపిల్లను తోడేలు ఎత్తకపాయ. మొగుడూ పెండ్లామూ వంతులేసుకుని దొడ్డి కాడ పండుకున్నారే గాని సంత దిక్కు మాత్రం సూడలేదు. మూడో సోమవారం హొన్నూరప్ప వస్తాంటే ఎనక సుక్కి నడిసి వస్తాంది, ఒంకర కాళ్ళతోనే, దాని కాళ్ళతో అదే. జాజి ఎదురుపోయి సుక్కి మూతి వాసన సూసింది, ఒళ్ళంతా సూసింది. సూసి, నిమ్మళంగా వచ్చి హొన్నూరప్ప చేతిలో ముద్ద తినింది. తిప్పక్క పిల్లను ఎత్తి ఇస్తా సెప్పింది, "ఇది రెండు నెలల పిల్ల, పాలు మరిసింది. దీనికి ఎడమ చెవి రవ్వంత మందం, సరిగా ఇనబడదు, దాయను. నువ్వు సాకలేని దినం వస్తే నా వాకిట్లో ఇడిసిపెట్టు, దోవలో మాత్రం ఇడవద్దు" అని. తప్పు ఉండాదని అమ్మేటోళ్ళే సెప్తే ఆయప్పకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయంట.

ఇంగ రెండు నెలలకు మంద కిష్ణ వారకు బయలుదేరింది. కొండ దిగువన, పొద్దుగూకే యాళ, పిల్ల కుక్క ఆడుకుంటాంది. దాని చెవుడు దిక్కునే తోడేలు నక్కినక్కి వస్తాంది. అది ఇనలేదు, ఇనలేదు గదా పాపం. అప్పుడు మొరిగింది, ఎవురనుకున్నారు? సుక్కి! వచ్చిన కాన్నుంచి ఒగ మొరుగు మొరిగింది లేదు, ఒగేసారి కొండ అదిరేటట్ల మొరిగింది. పిల్ల తిరిగి సూసి, సుక్కిని సూసి ఇదీ మొరిగింది. సుక్కి ఒంకర కాళ్ళతోనే ముందరికి దూకితే, పిల్ల దాని పక్కనే దూకింది. ఎనకాల హొన్నూరప్ప కట్టె తిప్పుకుంటా. తోడేలు కొండెక్కి పోయింది పోయినట్టే. ఆ పొద్దు ఒగ జీవం పోలేదు, ఆ ఏడాదంతా పోలేదు. హొన్నూరప్ప సుక్కి మెడ పట్టుకుని మారెక్క ముందరే ఎక్కెక్కి ఏడ్సినాడంట.

తిరిగి వచ్చినాక ఏం సేసినాడో తెలుసునా? సంతనాడు సుక్కిని తోలుకుని పోయి ఓబులేసు గంపల పక్కనే కంబళి పరుసుకుని కూసున్నాడు. ఎవురన్నా పిల్ల మీద చెయ్యేస్తే, "తల్లిని అడగప్పా, ఇదో, ఇట్లుంటాది" అని సుక్కిని సూపించేటోడు. నాలుగు సంతలు అట్ల కూసుంటే ఐదో సంతకు గంపల్లో పిల్లలు లేవు, పలాస్టిక్ బిందెలుండాయి. ఫారంలో మిగిలిన తల్లుల్ని కురుబోళ్ళు తలా ఒగటి తోలుకపోయినారు. ఇప్పుడు గూడా మా దిక్కు ఎవురు ఏది అమ్మవచ్చినా ముందు తల్లి యాడ అంటారు. బిందెలకు గూడా అడుగుతారు ఎదవలు.

కత అయిపాయ, లేయండి ఇంగ. నన్ను పెండ్లికి అడగనీకి వచ్చిన పొద్దు మీ తాత చేత మా అమ్మకు ఒగ సంగటి ముద్ద పెట్టించింటే ఎట్లుండునో. ఆ మూలన కూసుని నవ్వుతాండాడు సూడండి. మా అమ్మ తినింటుందా తినకపోయుంటుందా, ఆయప్పనే అడగండి.