ఆరంగుళాల రంపం

రేపల్లె శివారు చర్చి ఆవరణలో, మొన్నటి గాలివానకు పడిపోయిన వేపదుంగ పక్కన విజయమ్మ చేతిలో ఇమిడే బ్యాటరీ రంపం పట్టుకుని కూర్చుని ఉంది. రిటైరైన డ్రాయింగు మాస్టారు, సంఘపెద్ద కూడా అయిన తోమాసు ఆ రంపాన్ని చూసి నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక నిలబడ్డాడు. నిలబడటం ఆయనకు అలవాటే.

“అది రంపమా విజయమ్మా, ఆటబొమ్మా?”

“మా అల్లుడు ఫ్రాన్సిస్ నిమ్మకొమ్మలు కత్తిరించడానికి కొన్నాడండి. పళ్ళున్న మేర ఆరంగుళాలు.”

“దుంగ అడుగు మందం. సూదితో బావి తవ్వినట్టుంది నీ పని.”

“అటు నుంచి ఆరు, ఇటు నుంచి ఆరు. మీరు లెక్కల మాస్టారు కాదు గానీ, ఆ మాత్రం తెలీదా?”

“వెటకారాలొద్దు. రేపే ఈ దుంగ వేలం. తెనాలి కలప అడితివాళ్ళు లారీ తెస్తున్నారు. ఆ డబ్బుతో బాపట్లలో మైకుసెట్టు కొనాలని కమిటీ తీర్మానం.”

“తెలుసండి. అందుకే ఇవాళ కోస్తున్నా.”

“దేనికంట?”

“బల్లలకి. ఆదివారం మన లిడియా వదిన ఎక్కడుంటుందో చూశారా?”

“కిటికీ బయట.”

“ఎండలో. చాప మీద కూర్చుంటే మళ్ళీ లేవలేదు. కిందటి ఈస్టరుకి నలుగురం పట్టి లేపాం. ఆ సిగ్గుకి అప్పణ్ణించి లోపలికి రావట్లేదు.”

“కుర్చీ తెచ్చుకోమను.”

“దేవుడి ముందు నేల మీద కూర్చోలేనివాళ్ళకి భక్తి తక్కువని మీటింగులో అన్నదెవరండి?”

“అది... అప్పటి మాట.”

“ఇప్పుడు మారిందా?”

“ముందు ఆ రంపం పక్కన పెట్టు. ఈ గీతేంటి? ఎవరు గీశారు?”

“నేనే. సుద్దముక్కతో.”

“ఇది గీతా? పాము పాకినట్టుంది. దీని వెంట కోస్తే ఆ వైపు కోత, ఈ వైపు కోత చచ్చినా కలవవు. బల్ల మధ్యలో మెట్టొస్తుంది.”

“వస్తే రానివ్వండి. లిడియా వదిన ఏమీ అనుకోదు.”

“నేననుకుంటా. ముప్పయ్యేళ్ళు పిల్లల చేత గీతలు గీయించినవాణ్ణి. దారం ఉందా? సుద్దపొడి?”

“సంచిలో ఉన్నాయండి.”

“దారం పెట్టుకుని చేత్తో గీశావా?”

“నాకు దారం కొట్టడం రాదుగా. ఈ చివర పట్టుకోనా?”

“బిగించు. ఇంకా. ఇప్పుడు చూడు, లాగి వదిలానా? అదీ గీతంటే. అటు వైపు కూడా కొట్టేస్తా. కానీ విజయమ్మా, నేను గీత గీశానంతే. కోతకీ నాకూ సంబంధం లేదు.”

“లేదండి.”

“అబ్బ, రంపాన్ని అలా నొక్కకమ్మా. దాని బరువుకి అదే దిగుద్ది. ఇటివ్వు.”

“వద్దులెండి, కమిటీ వాళ్ళు చూస్తే...”

“ఇటివ్వమంటే.”

“పీట వేస్తా, కూర్చుని కొయ్యండి మాస్టారూ.”

“అక్కర్లేదు.”

“దుంగ కిందికుందిగా.”

“వంగుతా. నిలబడితేనే నాకు గీత కనపడుద్ది... ఇదేంటి, ఆగిపోయింది?”

“బ్యాటరీ అయిపోయిందండి. ఇంకోటి లోపల ఛార్జింగులో పెట్టా.”

“చర్చి కరెంటుతోనా?”

“బల్లలు కూడా చర్చికేగా. ఇదుగో, తెచ్చా.”

“పెట్టు, పెట్టు. సగంలో వదిలేస్తే కొయ్య రంపాన్ని పట్టేస్తుంది... ఆఁ. కలిశాయి చూడు. వెంట్రుకవాసి తేడా ఉందా?”

“లేదండి. చెయ్యంటే మీదే. ఇలాంటివి ఇంకో రెండు.”

“మూడెందుకు? ఆడవాళ్ళ వైపు గోడకి రెండేగా పట్టేది.”

“రెండేనండి.”

“అయినా రేపు కమిటీకి నేనేం చెప్పను?”

“మీరే కోశారని నేను చెప్తాలెండి.”

“ఇరికించావు కదూ. ఆ గీత కావాలనే వంకరగా గీశావు.”

“మూడుసార్లు చెరిపి గీశానండి. మీరు చూసి ఊరుకోలేనంత వంకర రావాలిగా.”

“సర్లే, కమిటీతో నేను మాట్లాడుకుంటా. ఆ మూడోది ఎక్కడికి?”

“తలుపు పక్కకి. మీరు చెప్పులకి కాపలా ఉండే చోటికి.”

“చెప్పులు కుక్కలెత్తుకుపోతాయని నిలబడతా నేను. దానికి బల్లెందుకు?”

“ఆరేళ్ళ నుంచి నిలబడుతున్నారు. ఒక్క కుక్కా రాలేదు.”

“నేనుండబట్టే రాలేదు.”

“అవునండి. కాకపోతే, మోకాళ్ళ నూనె కాచేది నేనే కదా. మీ ఇంటికి నెలకి రెండు సీసాలు పంపుతున్నా.”

“అది మా ఆవిడ సారాకి.”

“సారమ్మగారు ముందు వరసలో బాసిపట్టు వేసుకుని గంటన్నర కూర్చుంటారు మాస్టారూ.”

“ఆ దారం ఇటివ్వు.”

“రెండో దానికి గీత కొడదామా?”

“ముందు ఆ తలుపు పక్కది కోద్దాం. కాళ్ళు కాస్త పొడుగ్గా పెట్టించు విజయమ్మా, మరీ కిందికైతే లేవలేను.”